బడికి ప్యానెల్ ఇచ్చారు, రేపటి పంతులమ్మకు ఏమిచ్చారు?

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి సంచాలకుల వారికి,



2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లకూ ఇచ్చారు. ఆ ఒక్క విడతలోనే 5 లక్షలకు పైగా ట్యాబులు బడులకు చేరాయి. 2023లో ఉన్నత పాఠశాలల గోడలకు 30 వేలకు పైగా ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించారు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు పంపారు. ప్రభుత్వం మారాక రకరకాల యాప్‌లలో చెల్లాచెదురుగా ఉన్న పనుల్ని లీప్ యాప్‌లోకి తెచ్చారు. ఇన్ని పంపకాల్లో, ఇన్ని ఏర్పాట్లలో డీఎల్‌ఎడ్, బీఎడ్ చదువుతున్న ఛాత్రోపాధ్యాయుల వాటా ఎక్కడా కనబడలేదు. ఎందుకని అడిగితే కార్యాలయాల్లో వినబడే జవాబు ఒకటే. వాళ్లు బడి పిల్లలు కారు, ఉద్యోగులూ కారు, కాబట్టి ఏ పద్దు కిందికీ రారు. ఈ జవాబును నేను ఒప్పుకోలేను. రేపు రాష్ట్రంలోని ప్రతి తరగతి గదిలోనూ నిలబడబోయేది వాళ్లే. పద్దు లేకపోతే పద్దు తెరవాల్సింది మీరు కాదా?

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం డీఎల్‌ఎడ్ అయినా బీఎడ్ అయినా రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. అంటే దాదాపు నాలుగు నెలలపాటు మీరు ప్యానెళ్లు బిగించిన గదుల్లోనే వాళ్లు పాఠాలు చెబుతారు. ఆ నాలుగు నెలల్లో ప్యానెల్‌ను తాకే హక్కు వాళ్లకుందా? లాగిన్ ఉండదు. పెన్ను, రిమోటు హెడ్మాస్టారి బీరువాలో ఉంటాయి. హెడ్మాస్టారిని తప్పుపట్టలేం. తెర పగిలితే, బోర్డు కాలిపోతే ఎవరు కట్టాలో చెప్పే కాగితం ఆయన దగ్గర లేదు. తన జీతంలోంచి పోతుందేమోనని భయపడే మనిషి, నాలుగు నెలలుండి వెళ్లిపోయే ఇంటర్న్ చేతికి దాన్ని ఎలా ఇస్తాడు? ఆ భయం తీర్చే ఒక్క ఉత్తర్వు మీ దగ్గర్నుంచి రావాలి.

పల్నాడులో నేను చివరగా పనిచేసిన ఉన్నత పాఠశాలకు ఏటా ఛాత్రోపాధ్యాయులు వచ్చేవాళ్లు. జీవశాస్త్రం చెప్పడానికొచ్చిన ఒకమ్మాయి జీర్ణవ్యవస్థ పటాన్ని రాత్రి కూర్చుని డ్రాయింగ్ షీటు మీద గీసుకొచ్చింది. తగిలించడానికి గోడ మీద చోటు లేదు, అక్కడ ప్యానెల్ ఉంది. ఆరిపోయి ఉన్న ఆ ప్యానెల్ అంచులకే టేపు అంటించి, దాని మీద పటం వేలాడదీసి పాఠం చెప్పింది. బాగా చెప్పింది. పిల్లలు లేచి ప్రశ్నలడిగారు. అన్నవాహికలోంచి ఆహారం కిందికి ఎలా జారుతుందని ఒక కుర్రాడు అడిగితే, ఆ కదలికను చేతివేళ్లతో చూపించడానికి ఎంతో ప్రయత్నించింది. ఆమె వెనకే, ఆ పటం కిందే, ఆ కదలికను అర నిమిషంలో చూపించగల యంత్రం ఉంది. దాన్ని వాడటం ఆమెకు ఎవరూ నేర్పలేదు. వాడుకోమని ఎవరూ చెప్పలేదు కూడా.

ఇది ఆ అమ్మాయి లోపమా? లేక మీరు నడిపిస్తున్న శిక్షణ లోపమా?

మీ శాఖ సొంత చరిత్రే మీకు గుర్తు చేయాల్సి వస్తోంది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) పెట్టాలని నిర్ణయించినప్పుడు, దానికి ఏడు విభాగాలుండాలన్నారు. ఆ ఏడింటిలో ఒకటి ఎడ్యుకేషనల్ టెక్నాలజీ. అంటే ఊళ్లో టీవీ ఉన్న ఇల్లు అరుదుగా కనబడే రోజుల్లోనే, ఉపాధ్యాయ శిక్షణలో సాంకేతిక పరికరాలకు ఒక విభాగం, దాన్ని చూసుకోవడానికి మనుషులు ఉండాలని ఆలోచించారు. గుంటూరు జిల్లాకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద బోయపాలెంలో, ప్రకాశానికి ఒంగోలు పక్కన మైనంపాడులో డైట్లు వచ్చాయి. ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ప్రాథమిక పాఠశాలల్లో అక్షరాలు దిద్దించిన చేతులు అక్కడ తర్ఫీదైనవే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడగొట్టాక బోయపాలెం పల్నాడులోకి వెళ్లింది. సరిహద్దులు మారాయి గానీ ఆ సంస్థ బాధ్యతలు మారలేదు.

ఆ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ విభాగంలో ఇప్పుడు ఎవరున్నారు? పని చేసే కంప్యూటర్లు ఎన్ని? వాటిలో చివరి దాన్ని ఏ సంవత్సరంలో కొన్నారు? బడుల్లో మీరు బిగించిన రకం ప్యానెల్ శిక్షణ సంస్థలో కనీసం ఒకటైనా ఉందా? ఇంటర్నెట్ బిల్లు ఎవరు కడుతున్నారు? కరెంటు పోతే నిలబెట్టే ఇన్వర్టర్ ఉందా? ఈ ప్రశ్నలు నేను ఒక్క బోయపాలెం గురించో మైనంపాడు గురించో అడగడం లేదు. రాష్ట్రంలోని ప్రతి డైట్ గురించీ, ప్రభుత్వ గుర్తింపుతో నడుస్తున్న ప్రతి బీఎడ్ కళాశాల గురించీ అడుగుతున్నాను. జవాబులు ఫైళ్లలో కాకుండా ప్రజల ముందుంచాలని అడుగుతున్నాను. 2023 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో డైట్లను శ్రేష్ఠ సంస్థలుగా తీర్చిదిద్దుతామన్నారు. దేశంలో నడుస్తున్న 613 డైట్లనూ ఐదేళ్లలో మెరుగుపరుస్తామన్నారు. ఆ ఐదేళ్లలో మన రాష్ట్రం వంతు డబ్బు ఎంత, అందులో ఛాత్రోపాధ్యాయుడి చేతికి చేరిన పరికరం ఏమిటి? భవనానికి రంగు వేయడం, గేటు మార్చడం కూడా మెరుగుదల కిందే రాసుకుంటారేమోనని నా దిగులు.

సూక్ష్మబోధన గురించి కాస్త వివరంగా చెప్పాలి. శిక్షణ పొందే ప్రతివాళ్లూ చేసే పని అది. ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాల విమర్శ, పన్నెండు నిమిషాలు మళ్లీ ప్రణాళిక, ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, ఆరు నిమిషాలు మళ్లీ విమర్శ, మొత్తం 36 నిమిషాలు. పాఠం మొదలుపెట్టడం, ప్రశ్న వేయడం, నల్లబల్ల వాడటం వంటి నైపుణ్యాల్ని విడివిడిగా సాధన చేయించడం దాని ఉద్దేశం. 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇది పుట్టినప్పుడు దాని గుండెకాయ వీడియో రికార్డరే. పాఠం చెప్పిన మనిషి వెంటనే తన పాఠాన్ని తెర మీద చూసుకుని, తన తడబాటును తన కళ్లతో గుర్తుపట్టాలి. 1970లలో అది మన దేశంలో వ్యాపించేసరికి వీడియో యంత్రాలు కొనే స్తోమత మన కళాశాలలకు లేదు. అందుకని తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చునే, గురువుగారు కాగితం మీద మార్కులు వేసే భారతీయ నమూనా తయారుచేసుకున్నారు. ఆనాటి పేదరికంలో అది తెలివైన పనే. దాన్ని కనిపెట్టిన పెద్దలకు దండం పెడతాను.

కానీ ఇవాళ? ఒక మామూలు ఫోను, నిలబెట్టడానికి ఒక స్టాండు, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు, తలుపు మూసుకునే ఒక గది చాలు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు అప్పట్లో గదినిండా యంత్రాలు పెట్టుకుని చేసిన పనిని బోయపాలెంలో చేయొచ్చు. అయినా ఎన్నో శిక్షణ కళాశాలల్లో ఇప్పటికీ సూక్ష్మబోధన అంటే రికార్డు పుస్తకం నింపడమే. ఆ రికార్డు కూడా నిరుటి సీనియర్ రాసినదాన్ని చూసి ఎక్కించడమే. తాను పాఠం చెప్పేటప్పుడు బల్లవైపు తిరిగి మాట్లాడుతున్నానని, వెనక బెంచీలవైపు ఒక్కసారి కూడా చూడలేదని, ప్రశ్న వేసి జవాబు రాకముందే తానే చెప్పేస్తున్నానని ఛాత్రోపాధ్యాయురాలికి ఎవరు చూపించాలి? అద్దంలో చూసుకోనివ్వకుండా ముస్తాబు చేసుకోమన్నట్టుంది ఈ శిక్షణ.

తెర ద్వారా టీచర్లకు నేర్పడం మన రాష్ట్రానికి కొత్తగా చెప్పాల్సిన సంగతి కూడా కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో దేశంలోని ఆరు రాష్ట్రాలుంటే అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఒక్క ఏడాదిలోనే దేశమంతా కలిపి దాదాపు 50 వేలమంది ప్రాథమికోపాధ్యాయులకు తెర ద్వారా విజ్ఞానశాస్త్రంలో శిక్షణనిచ్చారు. 2004 సెప్టెంబరు 20న చదువుల కోసమే తయారైన ఎడ్యుశాట్ మన శ్రీహరికోట నుంచే పైకి లేచింది. 2010లో దాని పని ముగిసింది. ఉపగ్రహం పైకి పంపడంలో చూపించిన శ్రద్ధ, కింద గదిలో టీవీ ముందు కూర్చునే ఉపాధ్యాయుడి మీద కూడా నిలకడగా చూపించి ఉంటే ఇవాళ నాకు ఈ ఉత్తరం రాసే పనుండేది కాదు.

మా పల్నాడు వైపు ఈ ఉపాధ్యాయ శిక్షణకు వచ్చే పిల్లలు ఎవరో మీకు తెలుసా? ఎక్కువమంది పత్తి, మిర్చి పండించే ఇళ్ల నుంచే వస్తారు. నాలుగెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు చేసే తండ్రి, కోతల్లో కూలికి వెళ్లే తల్లి. నవంబరు నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. ఆదివారం వస్తే ఆ అమ్మాయిలూ కల్లంలో తాలుకాయలు ఏరుతూనే ఉంటారు. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని తినేసినప్పుడు వాళ్లెట్లా ఫీజులు కట్టారో వాళ్లకే తెలుసు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. పాఠాలు తయారుచేసుకోవడానికి పనికొచ్చే ఒక మాదిరి ల్యాప్‌టాప్ ధర ఆ లెక్కన మూడు నాలుగు క్వింటాళ్ల మిర్చి. ఎరువుల బాకీ, కౌలు, కూలీల ఖర్చు తీరాక ఏ రైతు కూతురికి మూడు క్వింటాళ్ల మిర్చి పక్కన పెడతాడు? ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను అన్నయ్య చేతిలో ఉంటుంది. ఆమె దగ్గరున్నది తెర పగిలిన పాతది, నాలుగు ఫొటోలకే నిండిపోయేది. "ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయిగా" అనే మాట మీ సమావేశాల్లో ఎవరైనా అంటే, దయచేసి ఆ ఫోన్లను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

ఈ మిర్చి పొలాల వల్లే ఇక్కడి తరగతి గది తీరు వేరు. కోతలప్పుడు కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి ఇటు వస్తాయి. పిల్లలూ వాళ్ల వెంటే వస్తారు. కొందరు సీజనల్ హాస్టళ్లలో ఆగుతారు, కొందరు ఇక్కడి బడిలో కొన్ని వారాలు కూర్చుంటారు, చాలామంది చేలగట్ల మీదే ఉంటారు. తిరిగి సొంతూరి బడికి వెళ్లేసరికి రెండు మూడు నెలల పాఠాలు పోయి ఉంటాయి. ఇక్కడి మన పిల్లలు కూడా కోతల రోజుల్లో బడికి సరిగ్గా రారు. ఒకే తరగతిలో ఒకడు భాగహారంలో, ఒకడు కూడికల్లో ఆగిపోయి ఉంటారు. అలాంటి చోట ఒక ట్యాబు, అందులో స్థాయిని బట్టి విడగొట్టిన అభ్యాసాలు, మళ్లీ మళ్లీ వినగలిగే పాఠం ఉంటే టీచరుకు ఎంతో సాయం. కానీ ఏ పిల్లవాడికి ఏది ఇవ్వాలో, ఎప్పుడు తెర ఆపి పక్కన కూర్చోవాలో ట్యాబు చెప్పదు. టీచరు నేర్చుకోవాలి. అది వారం రోజుల వేసవి శిబిరంలో వచ్చే విద్య కాదు. శిక్షణలో ఉన్న రెండేళ్లూ చేతిలో పరికరం ఉంచుకుని, తప్పులు చేసి, మార్చుకుని నేర్చుకోవాలి.

పరికరం పిల్లలకిచ్చి, నేర్పే మనిషిని పక్కనబెడితే ఏమవుతుందో చూపించిన దేశం ఒకటుంది. పెరూ 2008 నుంచి లక్షల ల్యాప్‌టాపులు బడి పిల్లలకు పంచింది. ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు అక్కడి 319 గ్రామీణ పాఠశాలల్ని పరిశీలించి 2012లో ఫలితం చెప్పారు: లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లల చదువు మెరుగుపడిన దాఖలా దొరకలేదు. కేరళ వేరే దారి పట్టింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, టీచర్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేసుకుంటూ, లైసెన్సు ఫీజుల్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నిలబడి, ఆ తర్వాతే 45 వేల తరగతి గదుల్ని హైటెక్ గదులుగా మార్చింది. ఏ దారిలో నడుస్తున్నామో మనం తేల్చుకోవద్దా?

ఇంకొక మాట అడగాలి. డీఎస్సీ రాసేది కంప్యూటరు మీదే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు పరీక్ష జరిగిందీ కంప్యూటరు మీదే. ఎంపికైన మర్నాటి నుంచి హాజరు ఫోనులో, మార్కుల నమోదు ఫోనులో. పరీక్షలో, ఉద్యోగంలో కంప్యూటరు తప్పనిసరి అయినప్పుడు, ఈ రెంటికీ తయారుచేసే శిక్షణలో మాత్రం అది ఉన్నా లేకపోయినా ఒకటే అని ఎలా అనుకున్నారు? బీఎడ్‌లో ఐసీటీ మీద ఒక కోర్సు ఉంది. మౌస్ పట్టుకోకుండానే ఆ కోర్సులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను. ప్రశ్నకు జవాబు కంఠస్థం చేసి రాశారు.

ప్రైవేటు కళాశాలల మాట దాటవేయలేను. తనిఖీకి ముందు రోజు కంప్యూటర్లు దిగి, తనిఖీ అయ్యాక బండెక్కిన కథ ఉపాధ్యాయ విద్యతో సంబంధమున్న వాళ్లెవరూ విననిది కాదు. 2025 మార్చిలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం బీఎడ్ ప్రశ్నపత్రం పరీక్షకు ముందే బయటికి వచ్చి, ఆ పరీక్ష రద్దయింది. తరగతికి రాకుండానే పట్టా ఇచ్చే కళాశాలల గురించి అప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. విద్యార్థే రాని చోట పరికరాలు ఎవరికి కావాలి? అలాంటి కళాశాలల మధ్య నిజాయితీగా నడుస్తున్నవాళ్లు, రోజూ బస్సెక్కి వచ్చే ఛాత్రోపాధ్యాయులు నలిగిపోతున్నారు. తనిఖీ బృందం వచ్చినప్పుడు యంత్రాల్ని లెక్కపెట్టడం కాకుండా, ఒక విద్యార్థిని లేపి "ఇక్కడ కూర్చుని ఐదో తరగతికి ఒక వర్క్‌షీట్ తయారుచేయమ్మా" అని అడిగితే అరగంటలో నిజం తెలుస్తుంది.

ఆ వర్క్‌షీట్ తెలుగులో చేయమనండి. ఇంకా బాగా తెలుస్తుంది. చాలామంది చేత్తో రాసి డీటీపీ షాపుకిస్తారు. వాళ్లు అను ఫాంటులో కొట్టి, పేజీకింతని తీసుకుంటారు. ఆ ఫైలు బడిలో ప్యానెల్ మీద తెరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడం వారం పది రోజుల సాధన. అది నేర్పడానికి ఒక కీబోర్డు, ఒక ఓపికగల మనిషి కావాలి. అలాగే చూపులేని ఛాత్రోపాధ్యాయులున్నారు. తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. శిక్షణ సంస్థలో ఒక్క కంప్యూటరులోనైనా దాన్ని పెట్టించారా?

ఇక నేను కోరేది. ప్రతి ఛాత్రోపాధ్యాయుడికి చేరిన రోజునే రెండేళ్లకు ఒక ట్యాబో ల్యాప్‌టాపో అప్పుగా ఇవ్వండి. శిక్షణ ముగిశాక తిరిగి తీసుకోండి, తర్వాతి బ్యాచ్‌కు ఇవ్వండి. ఉచితంగా పంచమని అడగడం లేదు. సమగ్ర శిక్ష కింద ఒక్క పాఠశాలలో కంప్యూటర్ ల్యాబు పెట్టడానికి 6.40 లక్షల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. వందల బడులకు టీచర్లను పంపే సంస్థకు అంతకన్నా తక్కువ ఎందుకివ్వాలి? బడిలో ఏ రకం ప్యానెల్ ఉందో అదే రకం శిక్షణ సంస్థలో ఉండాలి. కొనడంతో పని అయిపోదు. ప్రింటరులో కాట్రిడ్జి అయిపోయి ఏడాదిపాటు మూల కూర్చోవడం, అప్‌డేట్ లేక కంప్యూటర్లు మొరాయించడం ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఏటా మరమ్మతుకు కొంత డబ్బు, రెండు జిల్లాలకు కలిపి అయినా సరే ఒక టెక్నీషియన్, సూక్ష్మబోధనకు కెమెరా ఉన్న ఒక గది ఉండాలి. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంచి పరికరాలు మాత్రమే పంపితే అవి పెట్టెల్లోనే ఉంటాయి. ఎడ్యుకేషనల్ టెక్నాలజీ విభాగానికి పూర్తికాలపు మనిషిని వేయండి.

వీటికి డబ్బు కావాలి, సమయం కావాలి. ఒప్పుకుంటాను. రెండింటికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఇంటర్న్‌షిప్ రోజుల్లో ఛాత్రోపాధ్యాయుడికి తాత్కాలిక లాగిన్ ఇవ్వడం ఒకటి. పాఠం చెబుతుండగా పరికరం పాడైతే హెడ్మాస్టరు గానీ ఇంటర్న్ గానీ సొంత డబ్బు కట్టనక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పడం రెండోది. వచ్చే బ్యాచ్ బడుల్లో అడుగుపెట్టేలోపు ఈ రెండు ఉత్తర్వులైనా ఇస్తారా? మిగతావాటి మీద ఏం నిర్ణయించారో, ఏ నెలలోగా చేస్తారో, ఎంత డబ్బు కేటాయించారో రాసి ప్రతి డైట్ నోటీసు బోర్డులో పెట్టించండి. ఛాత్రోపాధ్యాయులు చదువుకుని, గడువు దాటితే మిమ్మల్ని అడుగుతారు. అలా అడిగే హక్కు వాళ్లకుందని కూడా ఆ నోటీసులోనే రాయించండి.

ఇట్లు,
విశ్రాంత పాఠశాల ఉపాధ్యాయుడు,
నరసరావుపేట.